బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలి?

మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లైబ్రరీ అంటే చాలాచోట్ల గది కాదు, బీరువా. అది హెడ్మాస్టరు కుర్చీ వెనక ఉంటుంది. తాళంచెవి ఆయన సొరుగులో ఉంటుంది. ఆ తాళం గురించి ఇద్దరు ఉపాధ్యాయులు పెట్టుకున్న వాదన ఇది. ఒకరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్మాస్టరు. ఇంకొకరు నాలుగో తరగతి చూస్తూ, బడి మొత్తానికీ లైబ్రరీ పీరియడ్లు తానే తీసుకుంటానని ముందుకొచ్చిన ఎస్జీటీ టీచరు. మనుషులు కల్పితం. మాటలు మాత్రం కోస్తా జిల్లాల్లో ఏ మండల పరిషత్ బడిలో కూర్చున్నా చెవిన పడేవే. నా మొగ్గు టీచరు వైపే. అయితే హెడ్మాస్టరు మాటలు పిల్లల మీద ప్రేమ లేక అన్నవి కావు, పక్కకు నెట్టేయడానికి వీలయినవీ కావు.

టీచరు: సార్, సోమవారం నుంచి బీరువా తాళంచెవి నా దగ్గర ఉంచండి. టైంటేబుల్లో లైబ్రరీ పీరియడ్ ఉంది. ఆ పీరియడ్లో ఇప్పటిదాకా ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాం.

హెడ్మాస్టరు: ఎక్కాలు రాకపోతే తల్లిదండ్రులు ఊరుకుంటారా? సరే, ఒకటి చెప్పండమ్మా. మీ క్లాసులో ఒత్తుల దగ్గర ఆగిపోకుండా చదివేవాళ్ళు ఎంతమంది?

టీచరు: సగం కూడా లేరు.

హెడ్మాస్టరు: మన బడి ఒక్కటే కాదు. 2024 అసర్ సర్వే చూశాను. దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 44.8 శాతం. అంటే సగానికి పైగా పిల్లలు నాలుగేళ్ళు పైబడి బడికొచ్చి కూడా ఒక చిన్న కథ చదవలేకపోతున్నారు. అలాంటి పిల్ల చేతికి కథల పుస్తకం ఇస్తే ఏం చేస్తుంది? బొమ్మలు చూస్తుంది, పేజీలు తిప్పుతుంది, గంట కొట్టగానే ఇచ్చేస్తుంది. ఆ నలభై నిమిషాలు నల్లబల్ల దగ్గర ద్విత్వాలు, సంయుక్తాలు చదివిస్తే ఆ పిల్లకి మేలు చేసినవాళ్ళమవుతాం. ముందు చదవడం రానివ్వండి. లైబ్రరీ ఎక్కడికీ పోదు.

టీచరు: ముందు, తర్వాత అన్నారే, అక్కడే నాకు పేచీ. రెండో తరగతి నుంచీ ద్విత్వాలు రాయిస్తూనే ఉన్నాం కదా సార్. రాయమంటే రాస్తారు. వాచకం మూశాక చదవడానికి ఇంకేమీ లేకపోతే ఆ నేర్చింది నిలవదు. మీరు చిన్నప్పుడు ఎలా చదివేవారో మీరే చెబుతుంటారు.

హెడ్మాస్టరు: చందమామ. 1947 జూలైలో మొదలైన పత్రిక. మా తరం అంతా దాని మీదే పెరిగాం. నెల మారితే పోస్టుమాను కోసం వీధిలో నిలబడేవాళ్ళం. మాకెవరూ లైబ్రరీ పీరియడ్ పెట్టలేదు, ఎలా చదవాలో నేర్పలేదు. అయినా చదివాం.

టీచరు: మీ ఇంటికి పత్రిక వచ్చేది సార్. ఇంట్లో చదివేవాళ్ళు ఉండేవారు. మన బడి పిల్లల ఇళ్ళలో కనపడే అచ్చు అక్షరాలు ఏమిటి? గోడ మీద కేలెండరు, రేషన్ కార్డు, బిస్కెట్ ప్యాకెట్. ఇప్పుడు చందమామ కూడా లేదు. ఆ పిల్లలకి మీ వీధీ, ఆ పోస్టుమానూ, చదివి వినిపించే మీ అమ్మగారూ, అన్నీ ఈ బడే కావాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలనీ, అందులో పత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలనీ రాసింది ఇలాంటి ఇళ్ళ పిల్లల్ని చూసే అని నేననుకుంటాను.

హెడ్మాస్టరు: చట్టం సంగతి నాకు తెలుసు. చదవలేని పిల్ల పుస్తకం పట్టుకుని ఏం చేస్తుందన్న నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు.

టీచరు: వింటుంది. మొదట నేను చదువుతాను, వాళ్ళు వింటారు. ప్రతి పేజీలో ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే పుస్తకం తీసుకుంటాను. బొమ్మ వాళ్ళకి కనపడేలా పుస్తకం వాళ్ళ వైపు తిప్పి పట్టుకుంటాను. పేజీ తిప్పబోయే ముందు ఆగుతాను. ఇప్పుడేమవుతుందో చెప్పమంటే క్లాసంతా ఒక్కసారే అరుస్తుంది. మర్నాడు బీరువా తెరిస్తే అందరికీ ఆ పుస్తకమే కావాలి. ఎందుకంటే కథ వాళ్ళకి వచ్చు. 'పరుగెత్తింది' అనే మాటలో ఒత్తు ఉంది, వాచకంలో అయితే వాళ్ళు అక్కడ తడబడతారు. కానీ నోటికి ఆ మాట ముందే వచ్చు కాబట్టి కన్ను వెళ్ళి సరిగ్గా అక్కడ ఆగుతుంది.

హెడ్మాస్టరు: దాన్ని బట్టీ అంటారమ్మా, చదవడం అనరు.

టీచరు: మొదటిరోజు బట్టీయే. నాలుగోరోజు ఆ మాటనే చీటీ మీద రాసి బొమ్మ లేకుండా చూపిస్తాను. కొందరు గుర్తుపడతారు. వాళ్ళు దాటేసినట్టే. గుర్తుపట్టనివాళ్ళకి మీరన్న నల్లబల్ల కావాలి, గుణింతం కావాలి, రోజూ కావాలి. అది నేను కాదనను. లైబ్రరీ పీరియడ్లోనే అక్షరాలన్నీ వచ్చేస్తాయని చెప్పేవాళ్ళతో నేనూ ఏకీభవించను. తెలుగు పీరియడ్ తెలుగు పీరియడే. అక్కడ నేర్చిన ఒత్తుతో పిల్లకి ఆ సాయంత్రమే పని పడాలని మాత్రం అంటున్నాను.

ఇక్కడ హెడ్మాస్టరు కాసేపు మాట్లాడలేదు. ఆయన అనుమానం సహేతుకమైనదని నేనూ అంటాను. లైబ్రరీ పీరియడ్ పేరుతో పుస్తకాలు నేల మీద పరిచి, పిల్లల్ని వదిలేసి, టీచరు రిజిస్టర్లు రాసుకునే బడులు ఉన్నాయి. అక్కడ పిల్లలు పేజీలు తిప్పడమే చేస్తారు. ఆ బడుల్ని చూసినవారెవరైనా లైబ్రరీని నమ్మకపోవడంలో తప్పు లేదు.

హెడ్మాస్టరు: సరే, ఒకటో తరగతి నుంచి ఐదుదాకా ఏం చేయిస్తారో చెప్పండి. పిల్లలు ఆనందంగా చదువుకుంటారని మాత్రం రాసివ్వకండి. ఆ మాట చాలా రిపోర్టుల్లో చదివాను.

టీచరు: ఒకటి, రెండు తరగతులకి పుస్తకాన్ని పరిచయం చేయడమే పని. అట్ట ఎటు, మొదలు ఎటు, పేజీ ఏ మూల పట్టుకుని తిప్పితే చిరగదు. అట్ట మీద రెండు పేర్లు ఉంటాయి, ఒకరు రాశారు, ఒకరు బొమ్మలేశారు. ఈ ఒక్క సంగతి తెలిశాక పిల్లలు పుస్తకాన్ని చూసే తీరు మారిపోతుంది. పుస్తకం మనుషులు చేసేదే, మనమూ చేయొచ్చు అన్నది వాళ్ళకి కొత్త. పాత నోటుపుస్తకాల కాగితాలు మడిచి కుట్టిస్తే సొంత పుస్తకం చేస్తారు, అట్ట మీద తమ పేరు రాసుకుంటారు.

మూడో తరగతిలో జట్టుగా చదవడం. బాగా చదివే పిల్ల పక్కన తడబడే పిల్ల. ఒక పేజీ నువ్వు, ఒక పేజీ నేను. పుస్తకం ఎంచుకోవడం కూడా అప్పుడే నేర్పాలి. ఒక పేజీ తీసి చదువు, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడుచుకో. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ ముడుచుకుపోతే ఆ పుస్తకం నీకు ఇంకా బరువు, పక్కన పెట్టు, వచ్చే నెల మళ్ళీ చూడు. ఒక్క వేలూ ముడవకపోతే కాస్త పెద్ద పుస్తకం తీసుకో. ఇలా చెబితే, నాకు రాదు అనే మాట పిల్లల నోట తగ్గుతుంది. పుస్తకమే ఇప్పటికి తగినది కాదని పిల్లకి అర్థమవుతుంది.

నాలుగు, ఐదు తరగతులకి వెతకడం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే సార్. కప్పలు వానాకాలంలో అంత గోల చేస్తాయి కదా, ఎండాకాలంలో ఎక్కడుంటాయి అని ఒక పిల్లవాడు అడుగుతాడు. జవాబు నేను చెప్పను. విషయసూచిక తీయిస్తాను. కప్ప అనే మాట అందులో కనపడదు. జంతువులు అని ఉంటుంది. ఉభయచరాలు అని ఉంటుంది. తన ప్రశ్న ఏ పెద్ద మాట కింద దాగి ఉందో వాడే ఊహించాలి. వాచకంలో ప్రశ్న పాఠం చివర ఉంటుంది, జవాబు ఆ పాఠంలోనే ఉంటుంది. ఇక్కడ ప్రశ్న వాడిది, జవాబు ఏ పుస్తకంలో ఉందో కూడా వాడే తేల్చుకోవాలి. ఒక్కోసారి మన బీరువాలో జవాబు ఉండదు. అది తెలుసుకోవడం కూడా చదువే.

హెడ్మాస్టరు: నిఘంటువు?

టీచరు: పిల్లల నిఘంటువులు రెండు ఉన్నాయి. పోటీ పెడతాను. అకారాది క్రమం నోటికి అప్పజెప్పడం వేరు, 'క్రమం' అనే మాట 'కోతి'కి ముందు వస్తుందా తర్వాతా అని ఆలోచించడం వేరు.

హెడ్మాస్టరు: అది బాగుంది. నిఘంటువు పని నాకివ్వండి. శబ్దరత్నాకరం తిరగేసే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. 1885 నాటి పుస్తకం, ఇప్పటికీ పనికొస్తుంది. కానీ మీరు అసలు సంగతి దాటేస్తున్నారు. పుస్తకాలు పోతాయి. చిరుగుతాయి. తమ్ముడు నోట్లో పెట్టుకుంటాడు. స్టాక్ రిజిస్టర్లో నా సంతకం ఉంది. రేపు చార్జి అప్పగించేటప్పుడు లెక్క తేలకపోతే నా పెన్షన్ కాగితాలు ఆగుతాయి. బీరువాకి తాళం వేసేది పిల్లల మీద కోపంతో కాదమ్మా.

టీచరు: తెలుసు సార్. అందుకే ఒకటి చూసుకుని వచ్చాను. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి, 2017. 215వ నిబంధన. ఏడాదిలో పాఠకులకి ఇచ్చిన పుస్తకాల్లో వెయ్యికి ఐదు పోతే, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే, దాన్ని మామూలు నష్టంగానే చూడమంటుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతేనే తప్పనిసరిగా విచారణ. పుస్తకం చేతులు మారితే కొన్ని పోతాయని ఢిల్లీలో లెక్కలు రాసేవాళ్ళే ఒప్పుకున్నారు.

హెడ్మాస్టరు: అది కేంద్రం ఆఫీసులకి. మన మండల పరిషత్ బడికి వర్తించదు. ఆడిటర్ ముందు ఆ నిబంధన చదివితే నవ్వుతాడు.

టీచరు: వర్తించదు. కానీ అందులోని న్యాయం మనమూ తీసుకోవచ్చు. పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం పెడదాం. చిరిగినవి ఇన్ని, పోయినవి ఇన్ని అని ఏటా కమిటీ ముందు చదివి వినిపిద్దాం. సంతకం మీ ఒక్కరిదే కాకుండా తల్లిదండ్రులదీ ఉంటుంది. ఇంకో సంగతి. బీరువా అడుగు అర చూశారా? చెద పట్టింది. ఒక్క పిల్లా ముట్టుకోని పుస్తకాలు మట్టయిపోయాయి. రిజిస్టర్లో మాత్రం అవి భద్రంగా ఉన్నాయి.

హెడ్మాస్టరు: ...అది నేను చూడలేదు.

టీచరు: సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాల లైబ్రరీకి ఏడాదికి 5,000 రూపాయల వరకు గ్రాంటుకి వీలుంది. యాభై అరవై రూపాయల పిల్లల పుస్తకాలు ఎనభై దాకా వస్తాయి. అవి కూడా అదే అరలోకి వెళితే లాభమేముంది?

హెడ్మాస్టరు: మా నాన్న గ్రంథాలయోద్యమం గురించి కథలు కథలుగా చెప్పేవారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి పఠనాలయాలు పెట్టించారు. కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పిన నేల ఇది. ఆ పుస్తకాల మీద వాళ్ళకెంత గౌరవమో! చేతులు కడుక్కుని ముట్టుకునేవారు. ఆ గౌరవం ఈ పిల్లలకి నేర్పకుండా ఇచ్చేయమంటే మనసొప్పడం లేదు.

టీచరు: వాళ్ళు పడవల్లో ఎక్కించింది రేవులో కట్టేసి ఉంచడానికి కాదు కదా సార్. తడుస్తుందని తెలిసే పుస్తకాన్ని నీళ్ళ మీద పంపారు. ఇవాళ్టికీ ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. ఈ పిల్లల అమ్మానాన్నలు కూడా ఇంటిపన్ను కడుతున్నారు. గౌరవం గురించి మీరన్నది మాత్రం ఒప్పుకుంటాను. అన్నం తిన్న చేతులతో ముట్టుకోవద్దని చెబుతాను. చిరిగిన పుస్తకాలకి శనివారం మరమ్మతు పెడతాను, జిగురు, పల్చటి కాగితం, కత్తెర. తను అతికించిన పుస్తకాన్ని ఏ పిల్లా మళ్ళీ చింపదు. చేతిలోకి రాని వస్తువు మీద గౌరవం ఎలా కలుగుతుంది?

హెడ్మాస్టరు: సరే, ఇస్తారు. ఏవి ఇస్తారు? వాళ్ళనే ఎంచుకోమంటే అన్నిటికంటే పలచటి పుస్తకం తీస్తారు. లేదా దెయ్యాల కథ. చదివిందే చదువుతారు. పంచతంత్రం ఎవరు చదువుతారు? చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. తరతరాలు అందులోని కథలు పాఠాలుగా చదివి భాష నేర్చుకున్నాయి. పిల్లల ఇష్టానికి వదిలేస్తే ఆ వరస తెగిపోతుంది.

టీచరు: చదివిందే చదవడం చెడ్డది కాదు. రెండోసారి చదివేటప్పుడు ఒత్తుల మీద కష్టం తగ్గి కథ మీదికి మనసు పోతుంది. పలచటి పుస్తకం తీసే పిల్ల పూర్తి చేయగలననే ధైర్యం కోసం తీస్తుంది. ఇంకొకటి కూడా నేర్పాలంటాను నేను. నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేయడం. ఎందుకు వదిలేశావో ఒక్క మాట చెప్పి వదిలేయ్. 'కుక్క చచ్చిపోయింది, అందుకని' అంటుంది ఒక పిల్ల. 'బొమ్మల్లో ఆ ఊరు మన ఊరిలా లేదు' అంటాడు ఇంకొకడు. ఇవి పుస్తకం మీద వాళ్ళ సొంత అభిప్రాయాలు. వాచకం మీద అభిప్రాయం చెప్పమని మనం ఏనాడూ అడగలేదు.

హెడ్మాస్టరు: అంతా వాళ్ళ ఇష్టమేనా మరి? ఆడపిల్లలు రాకుమారి కథలు, మగపిల్లలు కార్ల బొమ్మలు తీసుకుంటూ పోతే పెద్దవాళ్ళం మనమెందుకు? తెలియనిదాన్ని పిల్ల ఎలా కోరుకుంటుంది? ఉందని చెప్పేవాడు ఒకడుండాలి.

టీచరు: ఇది మీరు నన్ను పట్టుకున్న చోటు. దీనికి నేను లొంగిపోతున్నాను సార్. వారానికోసారి ప్రార్థన అయ్యాక రెండు నిమిషాలు, ఎవరూ తీసుకోని ఒక పుస్తకాన్ని చూపించి, మొదలు కాస్త చెప్పి ఆపేయాలి. ఆ పని మీరు చేయండి. పంచతంత్రంలో కోతీ మొసలీ మీ నోట వింటే ఆ మధ్యాహ్నం బీరువా దగ్గర వరస కడతారు. నీతిచంద్రిక భాష ఇప్పుడు వాళ్ళకి అందదు. ఆ కథలు మీ మాటల్లో ముందు అందనీయండి.

హెడ్మాస్టరు: చెబుతాను. చివర నీతి కూడా చెబుతాను.

టీచరు: అది వద్దు సార్. దయచేసి వద్దు.

హెడ్మాస్టరు: నీతి చెప్పకపోతే కథెందుకమ్మా?

టీచరు: కథ అయ్యాక నీతి ఏమిటని అడిగితే పిల్లలు మన ముఖం చూసి మనకి కావలసింది చెబుతారు. అబద్ధం ఆడరాదు, మోసం చేయరాదు, ఐకమత్యమే బలం. ఏ కథకైనా ఈ మూడిట్లో ఒకటి సరిపోతుందని వాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయింది. ఆ మొసలి భార్య కోసమే కదా చేసింది, దాని తప్పేమిటి అని అడిగే పిల్ల ఉంటుంది. నీతి ముందే చెప్పేస్తే ఆ పిల్ల ఇక అడగదు.

ఈ ఒక్కచోట ఇద్దరూ అసలు కలవలేదు. హెడ్మాస్టరు గొంతు పెరిగింది, టీచరు కూడా తగ్గలేదు. నాకు తెలిసిన మంచి ఉపాధ్యాయుల్లో ఆయనలా ఆలోచించేవారే ఎక్కువ. అయినా పిల్లల ఎదుట కథ చెప్పి ఊరుకున్నవారెవరైనా ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు విని ఉంటారు. ఆ ప్రశ్నలు ఏ నీతివాక్యంలోనూ ఇమడవు.

హెడ్మాస్టరు: చదివారని రుజువేమిటి మరి? రేపు ఎంఈఓ గారు వస్తే ఏం చూపిస్తారు? ఒక వర్క్‌షీట్ పెట్టండి. పుస్తకం పేరు, రచయిత పేరు, కథ సారాంశం ఐదు వాక్యాల్లో.

టీచరు: ఐదు వాక్యాలు రాయలేని పిల్ల ఇక పుస్తకమే తీసుకోదు. రాయగలిగినవాడు అట్ట వెనక ఉన్నది దించి ఇస్తాడు. రుజువు కావాలంటే ఇష్యూ రిజిస్టర్ ఉంది. ఐదో తరగతి పిల్లలే నడుపుతారు. తేదీ, పుస్తకం నంబరు, ఎవరి పేరు వాళ్ళే రాసుకుంటారు. నెల తిరిగాక అది చదివితే మనకి తెలియనివి తెలుస్తాయి. ఎవరు ఒక్క పుస్తకమూ తీసుకోలేదు, ఎవరు మొదటి అర దాటలేదు, ఏ పుస్తకం చేతులు మారుతూనే ఉంది. ఒక్క పుస్తకమూ తీసుకోని పిల్ల మీ నల్లబల్ల దగ్గరికి ముందు రావలసిన పిల్ల. ఎంఈఓ గారికి అది చూపిస్తాను. గోడ పత్రిక చూపిస్తాను.

హెడ్మాస్టరు: తల్లిదండ్రులు ఇంగ్లీషు అడుగుతారు. తెలుగు కథలు చదివిస్తున్నామంటే ప్రైవేటు బడికి పంపేస్తామంటారు.

టీచరు: వాచకాలే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుగా వస్తున్నాయి కదా. రెండు భాషల కథల పుస్తకాలూ దొరుకుతున్నాయి. స్టోరీవీవర్‌లో ప్రథమ్ బుక్స్ వాళ్ళు ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టినవి, చదువు మెట్లను బట్టి నాలుగు స్థాయిలుగా విడదీసి ఉన్నాయి, అచ్చు వేసుకోవచ్చు. నేను సీతంపేట ఏజెన్సీలో పనిచేసినప్పుడు సవర పిల్లలకి తెలుగు లిపిలో ఉన్న సవర మాటలు చదివించాం. రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్య కార్యక్రమం అది, ఎనిమిది భాషల్లో నడిచింది. తన ఇంటి మాట అచ్చులో చూసిన పిల్ల తెలుగు పుస్తకానికి వెనకాడలేదు. తెలుగు చదివే పిల్ల ఇంగ్లీషుకీ వెనకాడదు.

హెడ్మాస్టరు: తాళంచెవి తీసుకోండి. కానీ ఇళ్ళకి ఇవ్వడం మూడో తరగతి నుంచే. వేసవి సెలవుల్లో అయితే ఎవరికీ వద్దు. నెలన్నర తర్వాత ఏ పుస్తకం ఏ ఊళ్ళో ఉంటుందో తెలియదు. సగం మంది వలస వెళతారు.

టీచరు: వేసవిలోనే ఇవ్వాలి సార్. ఏప్రిల్లో చదివే పిల్ల జూన్లో వచ్చేసరికి తడబడుతుంది, మీరే చూశారు. తలా మూడు పుస్తకాలు. వలస వెళ్ళే పిల్లలకైతే మరీ ఇవ్వాలి, అక్కడ వాళ్ళకి బడి కూడా ఉండదు.

హెడ్మాస్టరు: ఒకటి. మూడు కాదు.

టీచరు: రెండు.

హెడ్మాస్టరు: కమిటీ తీర్మానంలో రాయించండి, అప్పుడు చూద్దాం. ఒకటో తరగతికి మాత్రం ఒప్పుకోను. వాళ్ళకి ఇంట్లో చదివిపెట్టేవాళ్ళు ఎవరున్నారు?

టీచరు: నాలుగో తరగతి అక్క ఉంది. నా క్లాసులో గట్టిగా చదవడానికి సిగ్గుపడే పిల్ల అది. తప్పు చదివినా నవ్వకుండా వినే మనిషి ఆ పిల్లకి ఇంట్లో చెల్లెలు ఒక్కతే.